ఉడుకుబావి ఒడిబియ్యం

కాగులపల్లి పప్పు గురించి చెప్పమంటే ఆ చుట్టుపక్కల ఎవరైనా ముందు ఒక గుటక మింగి, ఆ తర్వాతే మాట మొదలుపెడతారు. తాండూరు దాటి కన్నడ సరిహద్దు వైపు పోతుంటే నల్లరాతి గుట్టల మధ్య ఉంటుంది ఆ ఊరు. కందులు ఆ నేలంతటా పండుతాయి, అందులో గొప్పేం లేదు. గొప్పంతా నీళ్ళది. ఊరి చివర సంగప్ప చేనులో ఒక బావి ఉంది. చలికాలం పొద్దున పూట దాని మీద పొగలు లేస్తాయి. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతుంది. ఆ నీళ్ళలో కందిపప్పు వేసి పొయ్యి మీద పెట్టి, ఉల్లిగడ్డలు తరిగి లేచేలోపు గింజ గింజా విచ్చుకుని వెన్నలా మెత్తబడి ఉంటుంది. అదే పప్పును పక్క ఊరి బోరు నీళ్ళలో వేస్తే, కట్టెలన్నీ కాలిపోయినా పలుకు పలుకుగానే ఉండి మనల్ని వెక్కిరిస్తుంది.

అందుకే కాగులపల్లి ఆడపిల్ల అత్తారింటికి పోయేటప్పుడు ఒడిబియ్యంతో పాటు ఇత్తడి బిందె నిండా ఉడుకుబావి నీళ్ళు కూడా పంపేవాళ్ళు. మెట్టినింట్లో మొదటి పప్పు ఆ నీళ్ళతోనే వండాలి. ఆ పూట అత్తగారు కూడా వేళ్ళు నాక్కుంటూ కోడల్ని మెచ్చుకునేది. మర్నాటి నుంచి మామూలే.

సంగప్ప రెండో కూతురు శివలీలకు ఆ బిందె అందలేదు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. చదువుకుని, ఆ చదువు మీద ఇంకా చదువుకుని, హైదరాబాదులో భూగర్భజలాల పరిశోధనశాలలో స్థిరపడిపోయింది. "నీళ్ళల్ల ఏముందో సూస్తదట" అని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. "నీళ్ళల్ల నీళ్ళు గాక ఇంకేముంటయ్?" అని నవ్వుకునేవాళ్ళు. యాభై దాటినా ఆమెకు నవ్వేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే అలవాటు పోలేదు. చిన్నప్పుడు ఆమె పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉండేవి. కాలేజీలో ఎవరో ఆ చారల మీద జోకు వేశారు. మొదటి జీతంతో పళ్ళన్నిటికీ తొడుగులు వేయించుకుంది గానీ చెయ్యి మాత్రం ఇంకా లేస్తూనే ఉంటుంది.

ఆ రోజు పరిశోధనశాలలో శివలీల ఒక గాజుగూటి ముందు ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. గూట్లో నల్లరాతి దిమ్మె ఒకటి. దాని మధ్య జుట్టుపోగంత పగులు. కింది నుంచి వెచ్చటి నీళ్ళు ఆ పగుల్లోంచి పైకి ఉబుకుతున్నాయి. ఆమె దగ్గర పనిచేసే తబస్సుమ్ ఆ నీళ్ళలో పాలలాంటి చిక్కటి ద్రవం కొన్ని చుక్కలు వేసింది. ఇద్దరూ చూస్తూ ఉండగానే పగులు అంచుల్లో తెల్లటి స్ఫటికాలు మొలవడం మొదలైంది. అవి వేడి ఎటు ఉంటే అటే పాకాయి. చల్లటి భాగాన్ని ముట్టుకోలేదు. మధ్యాహ్నానికల్లా ధార బొట్లు బొట్లుగా మారి, తర్వాత ఆగిపోయింది.

"మేడమ్, విత్తనం మొలిచింది!" అని తబస్సుమ్ గట్టిగా అరిచి, వెంటనే సిగ్గుపడింది.

ఆ ద్రవానికి రాతివిత్తనం అని పేరు పెట్టింది శివలీలే. ఆలోచన మాత్రం ఆమెది కాదు, రాయిది. ఆరు కోట్ల ఏళ్ళకు పైబడిన మాట, ఆ నేలంతా లావా పొర మీద పొరగా పరుచుకుంది. చల్లారేటప్పుడు అందులో బుడగలు మిగిలాయి. వేడినీళ్ళు ఆ బుడగల్లోకి చేరి, లక్షల ఏళ్ళు తీసుకుని, వాటిని తెల్లటి స్ఫటికాలతో నింపాయి. కాగులపల్లి పిల్లలు ఆ స్ఫటికాలను నల్లరాళ్ళలోంచి పీకి, రాతి పాలపళ్ళు అని పేరు పెట్టి జేబుల్లో దాచుకునేవాళ్ళు. శివలీల కూడా దాచుకుంది. రాయి లక్షల ఏళ్ళు తీసుకుని చేసిన పనిని కొద్ది వారాల్లో చేయించడమే ఆమె జీవితం మొత్తం పెట్టి చేసిన పని.

ఎందుకు చేయించాలంటే, కాగులపల్లి కింద ఆ పాత నిప్పు పూర్తిగా చల్లారలేదు. అదెలా సాధ్యమో తోటి శాస్త్రవేత్తలకు ఇప్పటికీ మింగుడుపడదు. లోతున ఎక్కడో ఉన్న ఆ వేడిని తాకి వచ్చిన నీరు, దారిలో తనలోని సున్నాన్ని రాయికి వదిలేసి, బదులుగా సోడాను మోసుకొస్తుంది. సున్నం లేదు, సోడా ఉంది, అందుకే పప్పు వెన్నవుతుంది. కానీ రాళ్ళలోని ఫ్లోరిన్‌ను నీళ్ళలోకి రాకుండా పట్టి ఉంచేది కూడా ఆ సున్నమే. అది పోయేసరికి పట్టేవాడు లేక ఫ్లోరిన్ స్వేచ్ఛగా పైకి వస్తుంది. పప్పును మెత్తబరిచే గుణమూ ఎముకను వంచే గుణమూ ఒక్క చోటే పుట్టాయి. ఒకటి ఉంచుకుని ఒకటి తీసెయ్యడం కుదరలేదు. ఫ్లోరిన్‌ను తీసే ఫిల్టర్లు పెట్టి చూశారు. వాటిలోంచి వచ్చిన నీళ్ళలో పప్పు ఉడకలేదు. ఊళ్ళో వాళ్ళు ఆ ఫిల్టర్లను మూలకు నెట్టి, వాటి మీద కోళ్ళగంపలు బోర్లించారు.

ఇదంతా పాత కథ. కొన్నేళ్ళ కిందట నల్లా నీళ్ళు వచ్చాయి. దూరపు నది నుంచి గొట్టాల్లో వచ్చిన మంచినీళ్ళు. ఉడుకుబావి నీళ్ళు తాగొద్దంటే ఊరు బుద్ధిగా మానేసింది. ఇక మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయని, కొత్తగా పుట్టిన పిల్లల పళ్ళు తెల్లగా వస్తాయని అందరూ ఎదురు చూశారు. తగ్గలేదు. రాలేదు.

"దొంగచాటుగా తాగుతున్నారు మేడమ్" అంది తబస్సుమ్, ఊరివాళ్ళ మూత్ర పరీక్షల ఫలితాలు ముందు పెట్టుకుని. "లేకపోతే ఒంట్లోకి ఎలా వస్తుంది?"

"మా ఊరోళ్ళు మాటిస్తే తప్పరు" అంది శివలీల. ఆ మాట అన్నంత గట్టిగా నమ్మకం లేకపోయింది. తనే వెళ్ళి చూసి రావాలనుకుంది.

అక్క మాణిక్యమ్మ చేను దగ్గరి ఇంట్లోనే ఉంటుంది. ఆమెను ఊళ్ళోనే ఇచ్చారు, అందుకే పుట్టినప్పటి నుంచి ఉడుకుబావిని విడిచి ఒక్కరోజు ఉండలేదు. భర్త పోయాక ఈ ఇంటికే వచ్చింది. ఆ చుట్టుపక్కల ఏ పెళ్ళయినా పప్పు ఉడికే గంజు గిన్నె దగ్గర నిలబడాల్సింది ఆమే. పప్పు మాణిక్యమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. శివలీల కంటే చాలా పెద్దది. తల్లి పొలం పనుల్లో ఉంటే చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది ఆమే. తల్లిని ఇద్దరూ అవ్వా అనే పిలిచేవాళ్ళు.

"గింత సన్నబడ్డవేందే? హైద్రాబాదుల తిండి దొర్కుత లేదా?" అంటూ మాణిక్యమ్మ కంచంలో వేడి అన్నం పెట్టి, మధ్యలో గుంట చేసి, గరిటెడు పప్పు పోసింది. పైన నెయ్యి.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే శివలీలకు కళ్ళు మూతలు పడ్డాయి. పొయ్యి పక్కన తను కూర్చునే పీట, అవ్వ చీర కొంగుకు అంటుకున్న మసి వాసన, చలికాలం పొద్దున బావి గట్టున ఆవిర్లలో అక్క తన తలకు నీళ్ళు పోస్తుంటే కెవ్వుకెవ్వున ఏడవడం, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఎన్ని హోటళ్ళలో, ఎన్ని దేశాల సమావేశాల్లో ఏం తిన్నా ఆకలి తీరిందే గానీ అన్నం తిన్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. రెండో ముద్ద కలుపుతుండగా ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అక్కా, ఈ పప్పు ఏ నీళ్ళతోని వండినవ్?"

"ఏ నీళ్ళేంది? బాయి నీళ్ళే."

"బాయి నీళ్ళు మానేసినం అన్నరు గదా అందరూ!"

"తాగుడు మానేసినం. పప్పుకు గూడ మానేయాల్నా?" మాణిక్యమ్మకు నవ్వొచ్చింది. "నల్లా నీళ్ళల్ల పప్పు ఉడకది తల్లీ. ఊరంత గిట్లనే చేస్తున్నరు. తాగే బిందె వేరు, పప్పు బిందె వేరు. మంచిగ మసులుతయ్ గదా, మసిలినంక ఇంకేముంటది?"

మసిలితే సూక్ష్మజీవులు చస్తాయి. ఫ్లోరిన్ చావదు. నీళ్ళు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పొద్దున పప్పు, రాత్రి పప్పు, పిల్లలకు పప్పన్నం, ముసలివాళ్ళకు పప్పుకట్టు. ఊరు ఊరంతా నిజంగానే పప్పులో కాలేసింది. శివలీల కంచం ముందు అలాగే కూర్చుండిపోయింది. ఆ మిగతా ముద్దలు కూడా తిన్నది. వదలబుద్ధి కాలేదు. తింటున్నందుకు తన మీద తనకు అసహ్యం వేసింది.

హైదరాబాదు తిరిగి వచ్చాక చేయాల్సింది ఏమిటో లెక్క తేలిపోయింది. పప్పు ఒక్కటే అయితే ఎలాగో నచ్చజెప్పొచ్చు. కానీ ఉడుకుబావి అడుగున ఉన్న పగులు నుంచే ఆ నీరు లావా పొరల మధ్య ఎర్రమట్టి పొరలోకి పారి, చుట్టూ నాలుగైదు ఊళ్ళ బోర్లలోకి చేరుతోంది. నల్లా ఆగిన రోజు అందరికీ ఆ బోర్లే దిక్కు. పగులు మూస్తే ఆ బోర్లన్నీ మెల్లగా బాగుపడతాయి. పగులు మూయడానికి రాతివిత్తనం ఉంది. ఒకసారి మొలిచిందంటే మళ్ళీ తెరిచే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. బావి చల్లబడుతుంది. పైపొరల మామూలు నీరు, సున్నంతో నిండిన బండనీరు, అందులో చేరుతుంది. ఆ పప్పు ఇక ఈ భూమ్మీద ఉండదు.

ఇంకో చిక్కు ఉంది. బావి అక్క పేరు మీద ఉంది. అక్క ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే, అవ్వ నడుము ఎందుకు వంగిందో కూడా చెప్పినట్టే. అవ్వ చివరి ఏళ్ళు నేలను చూస్తూనే నడిచింది. మనిషి ముఖం చూడాలంటే మంచం మీద పడుకోబెట్టాల్సి వచ్చేది. ఆమెకు మూడు పూటలా తినిపించింది మాణిక్యమ్మ చేతులే.

శివలీల అబద్ధం చెబుదామనే బయలుదేరింది.

"చిన్న ప్రయోగం అక్కా. బాయిల ఒక మందు పోస్తం. నీళ్ళు జర సల్లవడుతయ్. గంతే."

మాణిక్యమ్మ చేటలో కందులు చెరుగుతోంది. తల ఎత్తకుండానే, "అబద్ధమాడితే నువ్వు చెవి గోక్కుంటవ్. చిన్నప్పటి సంది" అంది. "సక్కగ చెప్పు. ఎందుకు సల్లబరుస్తవ్ నా బాయిని?"

శివలీల చెవి మీది చెయ్యి తీసేసింది. ఇక దాచలేదు. నీళ్ళ సంగతి చెప్పింది, పప్పు సంగతి చెప్పింది. అవ్వ పేరు ఎత్తకుండా చెప్పడానికి చాలా కష్టపడింది. ఎత్తాల్సిన పని లేకపోయింది. చేట ఆగిపోయింది.

"పండ్లూడినంక అవ్వ వేరే ఏం తినలే" అంది మాణిక్యమ్మ. "మూడు పూటల పప్పుకట్టే తాగిపిచ్చిన. సాలే బిడ్డా అన్నా ఇడువలే. గిన్నె అడుగు దాక తాగిపిచ్చిన."

"నీకు తెలిసి చేసినవా అక్కా?"

"తెలవదు. తెలవకపోతే? చేసింది ఈ చెయ్యే గదా." కుడిచెయ్యి ఎత్తి తిప్పి తిప్పి చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు. "నాకెందుకు చెప్పినవే, లీలా?"

శివలీల అక్క ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఎన్నో అంతర్జాతీయ వేదికల మీద ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి, తల్లి పోయిన ఇన్నేళ్ళకు, కందుల పొట్టు మీద కూర్చుని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. మాణిక్యమ్మ ఏడవలేదు. చెల్లెలి జుట్టులో ఇరుక్కున్న పొట్టు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున బావి గట్టున ఆవిర్లు లేస్తుంటే చూస్తూ మాణిక్యమ్మ అడిగింది. "గా ఉడుకు ఏడికెళ్ళొస్తది?"

"లోపట, శాన లోతుల. ఎప్పటిదో నిప్పు. గది నీళ్ళను కాగబెట్టి పైకి పంపుతది."

"నీ మందు పోస్తే మల్ల గాడికే పోతదా?"

"పోతది. మల్ల పైకి రాదు."

మాణిక్యమ్మ కుడిచెయ్యి ఆవిర్ల మీదికి చాచింది. "అయితే నేనే పోస్త" అంది. "కానీ ఒక్క మాట. ఇన్నేండ్లు గా ఉడుకు మనింట్ల ఆడపిల్ల లెక్క ఉన్నది. దాన్ని ఒట్టి ఒడితోని సాగదోలను."

విత్తనం పోసే రోజు ఊరు సగమే వచ్చింది. మిగతా సగం అలిగింది. వచ్చినవాళ్ళలోనూ కొందరు మూతి ముడుచుకునే నిలబడ్డారు. తబస్సుమ్ ఉష్ణోగ్రత కొలిచే తీగలు బావిలోకి దింపి, తెల్లటి ద్రవం ఉన్న క్యాన్లు వరసగా పెట్టింది. అప్పుడు మాణిక్యమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. చేతిలో పసుపు కలిపిన ఒడిబియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, తమలపాకులు, రవికె గుడ్డ.

"మేడమ్, బియ్యం పడితే నీటి లెక్కలు తారుమారవుతాయి" అంది తబస్సుమ్ శివలీల చెవిలో.

"కానివ్వు" అంది శివలీల. "ఆ లెక్క నేను చూసుకుంటా."

బావి గట్టుకు బొట్టు పెట్టి, మాణిక్యమ్మ దోసిలితో బియ్యం తీసి ఆవిర్లలోకి వదిలింది. పసుపు గింజలు నీళ్ళ మీద కాసేపు తేలి మునిగిపోయాయి. ఆడపిల్లకు పెట్టినట్టే ఒక్కొక్కటీ పెట్టింది. మూతి ముడుచుకున్నవాళ్ళలో ఒకావిడ ముందుకొచ్చి తనూ దోసిలి పట్టింది. ఆ వెనక ఇంకొకరు. ఈ బావి నీళ్ళ బిందెతో అత్తారింటికి పోయి, మళ్ళీ ఈ పని కోసమే వచ్చిన ఆడవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు పైకే ఏడ్చారు.

"మంచిగ పో బిడ్డా" అని మాణిక్యమ్మ క్యాను ఎత్తి తెల్లటి విత్తనాన్ని బావిలో పోసింది. శివలీల చెయ్యి వెయ్యబోతే వద్దంది.

ఆ చలికాలం రోజు రోజుకీ ఆవిర్లు పలచబడ్డాయి. సంక్రాంతి దాటేసరికి బావి అన్ని బావుల్లాగే అయిపోయింది. ఏడాది తిరిగేలోపు చుట్టుపక్కల బోర్లలో ఫ్లోరిన్ తగ్గడం మొదలైంది. శివలీలకు సన్మానాలు జరిగాయి. శాలువాలు కప్పేటప్పుడు నవ్వమంటే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కాగులపల్లిలో మాత్రం ఆమె పేరెత్తితే కొందరు పక్కకు తిరిగి ఉమ్మేవాళ్ళు. పెళ్ళిళ్ళకు పప్పు మాణిక్యమ్మను పిలవడం తగ్గింది. ఆమె పప్పూ ఇప్పుడు అందరి పప్పులాంటిదే. రాత్రి నానబెట్టాలి, పొద్దున ఉడకబెట్టాలి. చిటికెడు సోడా వేస్తే మెత్తబడుతుంది గానీ సబ్బు వాసనొస్తుందని ఫోనులో చెప్పి నవ్వేది. ఆ నవ్వు వినలేక శివలీల పని ఉందని ఫోను పెట్టేసేది.

ఒక ఆదివారం తలుపు కొడితే తీసింది. ఎదురుగా మాణిక్యమ్మ, నెత్తిన చిన్న ఇత్తడి బిందె. బిందె మూతికి గుడ్డ కట్టి ఉంది. ఇన్నేళ్ళలో చెల్లెలింటికి ఆమె రావడం అదే మొదటిసారి.

"బస్సుల ఒక్క సుక్క ఒలకనియ్యలే" అంటూ వంటింట్లో దింపింది. "మందు పోసే ముంగట చేదుకున్న. నీ బిందె. పెండ్లి చేసుకోకుంటే ఇయ్యొద్దని ఎక్కడ రాసి ఉన్నది?"

శివలీల గుడ్డ విప్పి వేలు ముంచింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. వాసన మాత్రం అదే, తడిసిన నల్లరాయి వాసన. ఒక్క బిందె నీళ్ళ పప్పు తిన్నంత మాత్రాన ఏమీ కాదని ఆమెకు తెలుసు. ఇంకోటి కూడా తెలుసు. పరీక్షల్లో పాత నీళ్ళ నమూనాలన్నీ ఖర్చయిపోయాయి. ఆ నీరు ఇక ఈ బిందెలోనే మిగిలింది. అక్క పప్పు కడుగుతుండగా చిన్న సీసా తెచ్చి నిండా పట్టి, మూత బిగించి, డబ్బాల వెనక పెట్టింది. పరిశోధన కోసమని తనకు తాను చెప్పుకుంది. అబద్ధం. ఎప్పుడైనా మూత తీసి వాసన చూసుకోవాలనే దాచింది.

మాణిక్యమ్మ గంజులో పప్పు వేసి, బిందె మొత్తం ఒంపి, స్టవ్ వెలిగించింది. తర్వాత నెమ్మదిగా వెళ్ళి డబ్బాల వెనక నుంచి సీసా తీసింది.

"అక్కా, అది ఉండనీ. ఇంక యాడ దొర్కది."

"గందుకే ఉంచొద్దు." మూత తీసి ఆఖరి చుక్క దాకా గంజులో పోసింది. "సాగదోలినంక బిడ్డను తలుపెనక దాస్తరా? ఇంక ఉన్నది ఉన్నది అనుకుంట బతుకుతం. అవ్వ పోయిందని నేను గిప్పుడిప్పుడే అనుకుంటున్న, లీలా."

శివలీల కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిగడ్డలు తరగడం మొదలుపెట్టింది. రెండోది సగం తెగేసరికి పప్పు విచ్చుకున్న వాసన ఇల్లంతా నిండింది. కళ్ళలో నీళ్ళకు ఉల్లిగడ్డలు సాకుగా దొరికాయి. అక్క నమ్మినట్టే ఉంది.

ఇద్దరూ ఒకే కంచంలో కలుపుకుని తిన్నారు. మాణిక్యమ్మ చాలా కాలం తర్వాత ఆ కుడిచేత్తో చెల్లెలికి ముద్దలు పెట్టింది. శివలీల నోరు తెరిచి నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయింది. గంజు అడుగు దాకా తిన్నారు.

తిన్నాక మాణిక్యమ్మ బిందె కడిగి నల్లా కింద పెట్టింది. హైదరాబాదు నీళ్ళు ధారగా అందులో పడ్డాయి.

"రేపటి పప్పుకు" అంది. "రాత్రే నానబెట్టాలె, యాది చెయ్యి."